బకరా

మా దిక్కు కొట్టంల ఉన్నంతసేపు అది మేకే.
మనిషి మోసపోయిన్నాడే బకరా.

దేవరకద్ర అంగడిల, ఒక బుధారం,
తువ్వాల కింద వేళ్లు వట్టి బేరమాడిండు మా పెద్దబాపు కుర్మయ్య.
నాలుగు వేళ్లు ఒకసారి, బొటనేలు ఒకసారి.
పైన మొఖాలు మాత్రం
వాన గురించే మాట్లాడుకుంటున్నయి.
పూటకు శేరు పాలన్నడు దళారి.
పొదుగు సూస్తే నిజమే అనిపించె,
నిండు కుండ లెక్క, నడుస్తుంటే అటిటు ఊగుకుంట.

తెల్లారి పిండితే ముంత అడుగు తడిసింది.
రెండు దినాలు పిండకుండ ఆపిన పొదుగంట అది.

"బకరా అయినవ్ పెద్దబాపు!"
మొదలన్నది నేనే. ఏడో తరగతి.
కొత్తగ నేర్చిన మాట,
నాలిక మీద నిమ్మతొన పిప్పరమెంటు.
మాపటికి గల్లీ అంతా చప్పరించింది.
టోపీ వెట్టిండ్రంట, అన్నది నల్లా కాడ ఒకామె.
చెవుల పువ్వంట, అన్నడు మంగలి రాజలింగం, కత్తెర ఆపకుండనే.
పెద్దబాపు నెత్తి తడుముకున్నడు, చెవి తడుముకున్నడు,
ఏం లేదని చూపెట్టి తనే నవ్విండు.

ఖాజామియ్య ఒక్కడు నవ్వలే.
"మా ఇంట్ల బకరా అంటే మేకపోతే, బేటా.
పండుగకు నెల ముందు నుంచి
పిల్లలు దాని పక్కల్నే పంటరు.
ఈ ఎగతాళి దానికెప్పుడు అంటుకున్నదో
నాకైతే తెల్వదు."

మేకనే అడిగిన: నువ్వెన్నడు మోసపోయినవే?
అడ్డసరం కొమ్మ ముందట వెడితే
వాసనకే మూతి తిప్పుకున్నది.

మళ్లా బుధారం అమ్మెతందుకు తోలుకపోయిండు.
మంగళారం నుంచి పిండకుమని పెద్దమ్మ మరీ మరీ చెప్పింది.
తెల్లారుగట్ల చీకట్ల, దుప్పట్ల నుంచి విన్న నేను
చెంబుల చుయ్, చుయ్...
గంతే, అయిపోయింది.
ఒట్టి పొదుగుతోని అంగట్ల నిలవెట్టి,
తువ్వాల తీసి భుజం మీదేసుకొని
"అరగిలాసే ఇస్తది" అన్నడంట
అందరికి ఇనవడేటట్టు.

ఎవ్వరు కొనలే.

రెండుసార్లు బకరా అయినోడని
ఇప్పటికి చెప్పుకుంటరు.
నాకైతే ఆ మాట ఇంటే
పొద్దుగాలటి చాయ్ యాదికొస్తది:
ఆ అరగిలాసల్నే నలుగురం,
కొంచెం మేక వాసన.