పదహైదు కేజీలు

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే పొద్దు.
మంచం మీద పరిచినాను మంచు బట్టలు.
కూలర్లో నీళ్ళయిపోయి
ఎండుగడ్డి వాసన కొడుతూ ఉంది ఇల్లంతా.

బాతు ఈకల కోట్లు, ఆయనకొకటి నాకొకటి.
సంచిలో పిడికెడు, విప్పితే పందిరంత.
వేసుకొని అద్దం ముందు నిలబడితే
పెన్నలో మూడేండ్లుగా పారనన్ని నీళ్ళు
నా వీపున పారినాయి.

లదాఖ్ నుంచి జాబితా పంపినారు గుడారాలవాళ్ళు.
గుడారమంటారు గానీ
పరుపు కింద వెచ్చదనం, రాగి తొట్టిలో వేడినీళ్ళు,
రాత్రంతా పిలిస్తే పలికే మనిషొకడు.
మూడు పొరలు తొడగాలంట:
ఒంటికి అంటుకొనేది, వేడిని పట్టేది, గాలిని ఆపేది.
తాడిపత్రిలో చర్మమొక్కటే బరువు మాకు.

వాళ్ళు రాయనివి కూడా సర్దినాను.
శెనక్కాయల పొడి, ఎర్రకారం,
బొరుగులు అరకేజీ. బరువుండవు, ధైర్యముంటాది.
దస్తగిరి జిప్పులకు కొవ్వొత్తి రుద్ది ఇచ్చినాడు,
"చలికి బిగుసుకుంటాయమ్మా" అని,
చలిని చూసొచ్చినోని మాదిరి.

ఈ డబ్బెక్కడిదో చెప్పాల కదా.
ముప్పై ఏండ్లు బండలు పాలిష్ పట్టిన ఫ్యాక్టరీ,
నేను కూలి లెక్కలు రాసిన రేకుల గది,
పోయిన ఉగాదికి అమ్మేసినాం.
తుప్పు పట్టిందని కొన్నాయన వద్దన్న కాటా ఒకటి
మా వసారాలో మిగిలింది.

చిన్న విమానం. మనిషికి పదహైదు కేజీలే.
పెట్టెను కాటా మీదికి ఎత్తను
మద్దిలేటిని పిలిచినాను.

కోత మిషను మీద ఇరవై రెండేండ్లు మద్దిలేటి.
ముక్కుకు తువ్వాల, తలంతా రాతిపిండి,
"పెండ్లికి ముందే ముసలోణ్ణయితి" అని నవ్వేవాడు.
పెట్టె ఎత్తినాడు. నాలుగడుగులు. దించినాడు.
మెట్టు మీద కూర్చున్నాడు.
మళ్ళీ ఎత్తినాడు.

పద్దెనిమిది, అనింది కాటా.

జాబితాలో ఏడోది, వేలికి పెట్టుకొనే చిన్న మిషను,
నెత్తురులో గాలి ఎంతుందో చెప్పేది.
నాకు తొంబై ఎనిమిది. ఆయనకు తొంబై ఏడు.
"ఏందమ్మా అది" అని వేలు చాపినాడు మద్దిలేటి.
గోటి సందున ఇంకా తెల్లగా.
ఎర్రలైటు చానాసేపు వెతికింది.
ఎనభై నాలుగు.

ఆ కాగితం నాకు కంఠతా వచ్చు.
ఎనభై అయిదుకు తగ్గితే అడుగు కదపరాదు,
వెంటనే మనిషిని కిందికి దించాల.

కిందికంటే
ఇంకెక్కడికి?

"బాగుండాదా?" అన్నాడు.
బ్యాటరీ పాతదన్నాను.
సోమవారం అనంతపురం పోదాం, డాక్టరు దగ్గరికి, అన్నాను.
సోమవారం నేను ఆ రాగి తొట్టిలో ఉంటాను.

ఆయన కొండల ఫోటో చూపిస్తే
మంచును చూడలేదు మద్దిలేటి.
వేలితో రెండు గీతలు గీసినాడు ఫోను మీద.
"పొర ఉండాదే! మన బండ మాదిరే.
ఈడ ఉలి పెడితే పలకగా లేస్తాది.
ఎవురూ కొయ్యలేదా దాన్ని?"

రాత్రి మూడు కేజీలు తీసినాను.
రెండో బూట్లు, ఆయన పుస్తకం, తలనూనె.
ప్రాణవాయువు డబ్బా తీసినాను,
చేతిలో ఏమీ లేనట్టుంది.
రెండొందల దమ్ములొస్తాదని చెప్పినాడు అంగడాయన.
మద్దిలేటి ఇంటికి రెండొందల దమ్ముల్లో పోగలడా?
ఎట్లాగూ విమానంలోకి రానియ్యరంట దాన్ని.
వానికిస్తే అది ఇచ్చినట్టా,
బరువు దించుకున్నట్టా?

తెల్లారుజామున పెట్టెను మేమే తూచినాం.
పద్నాలుగు తొమ్మిది వందలు.
కారులో పెట్టి, వాకిలికి తాళమేసి, ఊరికే తిరిగి చూసినాను.
ఖాళీ కాటా ముల్లు
సున్నాకు రాలేదు.
తుప్పు, అన్నాడాయన.