బెల్టు చివర

మీటరు ముప్పై ఎనిమిది వేలంటది.
క్లచ్ పెడలు రబ్బరు నున్నగ అరిగి
లక్ష దాటిన అంటది.
మీటరు తిప్పిండ్రని కాదు,
పంజగుట్టల నిలబడ్డ దూరాన్ని
ఏ మీటరు లెక్కవెడ్తది?

డోరు మీద వేళ్ళు మడిచి కొట్టి చూస్త.
టంగుమంటె రేకు,
దబ్బుమంటె పుట్టీ.
మల్లేపల్లి షెడ్డుల మా ఉస్తాద్ నేర్పిన ఇద్య,
పుచ్చకాయ బేరం లెక్క.

ఆర్సీ, ఇన్సూరెన్స్, రెండు తాళంచెవులు
సంచిల సదిరి తెచ్చింది దమయంతి మేడం.
"సింగిల్ ఓనర్," అన్నది
ఎవలో అడిగినట్టు.

"నీళ్ళల్ల మునిగిందా?"
"లేదు."
సీటు బెల్టు గుంజిన. రోజు పెట్టుకునేంత కాదు,
ఇంక రానన్నదాక.
చివర జానెడు మీద మట్టిరంగు గీత.
టోలిచౌకి వాన, ఎండి, చుట్ట లోపట.
సర్వీసోళ్ళు అన్నీ కడుగుతరు,
ఇది ఎవ్వలు కడగరు.

ఆమె గీత దిక్కు చూసింది, నా దిక్కు చూడలే.
"ఆ రాత్రి దీని టాపు మీదనే కూసున్నం,"
అన్నది కొంచెం సేపటికి,
"నేను, కింది పోర్షన్ల పిల్ల. తెల్లారెదాక."

టాపు నడుమ చిన్న సొట్ట.
ఇందాకనే చూసిన,
మూడు వేలు కోసిన గూడ.

లక్షా తొంభై పలికే బండి.
నీళ్ళకు నలభై పోవాలె, పోయింది. రాసిన.
నేను కాకుంటె ఇంకోడు రాస్తడు.

సొట్టకు రాసిన మూడు వేలు మాత్రం
ఆమె చూడకుంట
కొట్టేసిన.