సంతకం కింద చుక్క

తవిటినాయుడు గారి సంతకంలో
ఆఖరి గీత తోకలా కిందికి దిగేది.
ఆ తోక కింద చుక్క ఉంటే పని చెయ్యమని,
లేకపోతే
కాగితాన్ని కట్ట అడుగున తొయ్యమని.

ఈ మర్మం తెలిసినవాళ్లు
ఎమ్మార్వో, బీడీవో, కరెంటాఫీసు ఏయీ,
ఆ తర్వాత నేను.
కాశీబుగ్గలో జీడిపప్పు మిల్లుకి ఎదురు మేడ మీద
పంతొమ్మిదేళ్లు ఆయనకి టైపు కొట్టినవాణ్ణి.

మొదటి ఎన్నికకి సోంపేట నుంచి తెచ్చిన అద్దె జీపుకి
బ్రేకుల్లేవు.
పల్లం ఊళ్లలో ఆగడం కుదరక
దండం పెడుతూనే జారిపోయేవాడు.
"ఈ బాబు కూకోడు, పరిగెడతాడు" అనుకున్నారు జనం.
ఆరు వేల మెజారిటీ.

రెండోసారి మూడు వందల పన్నెండు.
కౌంటింగు హాలు బయట తెల్లారగట్ల నాలుగింటికి
గొంతు లేని మనిషి
నా భుజం మీద చెయ్యేసి టీ అడిగాడు.
టీ తెచ్చేసరికి
ఆ భుజం కోసం నూరు మంది తోసుకుంటున్నారు.

మూడోసారి ఓడిపోయాడు.
నాలుగు వేల లెటర్ ప్యాడ్ కాగితాలు మిగిలిపోయాయి.
"మాజీ" అని స్టాంపు చేయించుకు రమ్మన్నాడు.
స్టాంపులవాడు డబ్బులు పుచ్చుకోలేదు.
"రెండక్షరాలకి ఏటి తీసుకుంతాం బాబూ, ఉంచండి."
రెండు రాత్రులు కూచుని గుద్దాను,
ప్రతి కాగితం మీదా, ఆయన పేరుకి ముందు.
అయిదేళ్లూ అన్నిటికీ చుక్క పెట్టాడు.
ఒక్కటీ కదల్లేదు.

నాలుగోసారి మళ్లీ గెలిచాక
ఉద్దానం ఊళ్ల నుంచి ఒకటే మాట వచ్చేది, క్రియాటినిన్.
నా మిషన్లో క్రావడి సరిగా పడేది కాదు.
ఆ ఒక్క ముక్కా పెన్నుతో దిద్దేవాణ్ణి,
రోజుకి పది సార్లు, ఇరవై సార్లు.

బైపల్లి దాలమ్మ వచ్చింది.
మొగుడు వేటకి వెరావళ్ వెళ్లి
ఉబ్బిన మొహంతో తిరిగొచ్చాడట.
"కేజీహెచ్‌లో మంచం ఇప్పించండి బాబూ,
కటికి నేల మీద పడీసినారు."
నాయుడుగారు సొరుగు లాగి
బూతుల లెక్క చూసుకున్నాడు.
నూట పద్నాలుగో బూతు. మనకి పడ్డవి పదకొండు.
"అలాగేనమ్మా" అన్నాడు ఎంతో మెత్తగా.
సంతకం చేశాడు.
తోక దిగింది. అక్కడే ఆగింది.

ఆమె ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది.
బస్సు దాకా నేనే తీసుకెళ్లాను.
సంచీలో మడిచి పెడుతుంటే
ఖాళీ చోటు కనిపిస్తూనే ఉంది.
నా జేబులో పెన్నుంది. అదే సిరా.
చుక్క పెట్టడానికి చదువక్కర్లేదు.
బస్సు కదిలింది.
నేను వెనక్కొచ్చి
ఇంకో క్రియాటినిన్ దిద్దాను.

అయిదోసారి ఓటమి.
ఆరోసారి టిక్కెట్టే రాలేదు.
మేడ కిందివాళ్లు ఫ్లెక్సీలో ఆయన బొమ్మ ఉన్న ముక్క కోసి
వానకి జీడిగింజల బస్తాల మీద కప్పుకున్నారు.

మొన్న వానాకాలంలో
మెట్ల మీద రెండు చోట్ల ఆగి పైకొచ్చాడు.
పాదాలు పట్టక చెప్పులు చేతిలో ఉన్నాయి.
"ఒరే దండాసీ, ఒక కాయితం కొట్టాల."
"ఎవరికండీ?"
"నాకేరా. వారానికి మూడు పూటలు మెషిన్ ఎక్కాలంట.
నా వంతు రానీడం లేదు."

కొట్టాను.
క్రావడి ఇప్పటికీ పడదు, దిద్దాను.
చదవకుండా సంతకం చేసి,
ఆగి,
తోక కింద చుక్క పెట్టాడు.
బావి తవ్వినట్టు నొక్కి పెట్టాడు,
సిరా కాగితం వెనక్కి దిగింది.
నా కేసి చూడలేదు.
నేనూ దాలమ్మ పేరెత్తలేదు.

కొత్త ఎమ్మెల్యే గారి పీయే కుర్రాడు
కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంటూ
"ఇక్కడేటో మరకుందేటండీ?" అన్నాడు.
"పెన్ను కక్కింది బాబూ" అన్నాను.

వేలితో తుడిచాడు.
పోలేదు.
కొంచెం సాగింది.