మూడో సున్నా

పొద్దున ఐదున్నరకి స్టూలెక్కి
అంకె మారుస్తాను.
నాలుగో షాఫ్టు గేటు పక్కన ఆకుపచ్చ బోర్డు,
మీద "ప్రమాదం లేని రోజులు",
కింద మూడు కొక్కేలు.
రేకు కత్తిరించి చేసిన అంకెలు నా దగ్గరే ఉంటాయి,
బిస్కట్ల డబ్బాలో.
తొమ్మిదెప్పుడో పోయింది.
ఆరుని తలకిందులు చేసి తగిలిస్తే
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నిన్న నాలుగు వందల పదకొండు.
దిగేవాళ్లు "దుమేలా, మత్సెలీసో" అంటూ పోతారు,
బోర్డు వైపు చూడరు.
లిఫ్టు మూడు కిలోమీటర్లు జారుతుంది.
అక్కడ రాయి మీద చెయ్యి ఆనదట.
మంచు దంచి గొట్టాల్లో కిందికి పంపుతారు,
జ్వరం తలమీద తడిగుడ్డ వేసినట్టు.

నిన్న రెండో షిఫ్టులో
మొయెకెత్సి చేతిమీద రాయి పడింది.
పెద్దదేం కాదు, ఓ రొట్టెంత.
బొటనవేలూ, చూపుడువేలూ.

ఇవాళ ఇంట్లో పడుకుంటే ఒక పనిదినం పోయినట్టు.
పోతే, నేను సున్నాలు తియ్యాలి.
అందుకే తెల్లారకుండానే కంపెనీ బండి వెళ్లి
గుమ్మంలోంచి ఎక్కించుకొచ్చింది.
ఆఫీసులో కుర్చీ, ఫ్యాను, చక్కెరేసిన టీ.
ఎదురుగా కాగితాల దొంతర,
ఈ ఏటి సుస్థిరత నివేదిక.
మిగిలిన చేత్తో స్టేప్లర్ నొక్కుతున్నాడు.
అట్టమీద పచ్చిక.

పచ్చిక అబద్ధమనను.
గని మట్టి గుట్టకి జొహానెస్‌బర్గ్ రోడ్డు వైపు
విత్తనాలు చల్లారు, ట్యాంకర్‌తో తడిపారు, మొలిచింది.
మా వీధి అవతలి వైపు.
ఆగస్టు గాలికి గుట్ట లేచొచ్చి
మా దండేల మీద కూర్చుంటుంది.
పిల్లల యూనిఫారాలు రెండుసార్లు దులిపి తొడుగుతాను.

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లు దిగాడు,
ఒక్క గీరైనా పడకుండా పైకొచ్చాడు.
గడియారం బహూకరించారు.
ఆ తర్వాత రాత్రంతా గోడకానుకుని కూచునే వాడు,
వాలితే ఊపిరందదు.
పోయింది ఇంట్లో, మంచమ్మీద, ఆదివారం.
దానికి కొక్కెం లేదు.

టన్ను రాయి పిండి చేస్తే
చిటికెడు బంగారమట.
చిటికెడు ఎంతో చూపించాలంటే
ఆ రెండు వేళ్లే కావాలి.

మధ్యాహ్నం మొయెకెత్సి గేటు దాకా వచ్చాడు సిగరెట్టుకి.
మొదటిసారి తలెత్తి చూశాడు,
నాలుగు వందల పన్నెండు.
"ఇంకా నడుస్తోందే!" అని నవ్వాడు.

డబ్బా మూత తీశాను.
నా దగ్గర సున్నాలు మూడు.
ఒకటి పది రోజులకోసారి పైకెక్కుతుంది,
ఇంకొకటి నిండు వంద దాటినప్పుడు.
మూడోది పది నెలలుగా ఎండ చూడలేదు,
ఇంకా మెరుపు పోలేదు.
అతని మంచి చేతిలో పెట్టాను.

దాని బొక్కలోంచి ఓసారి గుట్ట వైపు చూసి
తిరిగిచ్చేశాడు.
"కుర్చీలో కూచుంటే జీతం పూర్తిగా వస్తుంది, అక్కా.
ఇంట్లో నలుగురం."

సిగరెట్టు వెలిగించుకోలేకపోతుంటే
అగ్గిపుల్ల నేనే గీశాను.

రేపటికి మూడంకె కావాలి.
వెతికి పైన పెట్టుకున్నాను.