ముప్పై సెకన్లు

సెగెద్‌లో, తీసా నది గడ్డకట్టిన వారం,
ఆసుపత్రి నేలమాళిగలో రాత్రి డ్యూటీ నాది.
నా పేరు పిరోష్కా. మా భాషలో పిరోష్ అంటే ఎరుపు.
ఎరుపుని కాపలా కాసే పని ఎరుపుకే పడిందని
డాక్టర్ వజూల్ నవ్వేవాడు.

గాజు గొట్టంలో రెండు వాయువులు.
చివర ఓ చుక్క వెలుగు,
మిరపగింజంత.
అరచెయ్యి అడ్డం పెడితే వెచ్చదనమైనా తగలదు.
ఈ చప్పిడి దీపం ఎవర్ని బాగుచేస్తుందిలే అనుకున్నాను.

పళ్లేల్లో చర్మకణాలు పెంచుతాం.
నిండా పరుచుకున్నాక మధ్యలో సూదితో గీస్తాను,
అదే గాయం.
ఒకదానికి పది సెకన్లు, ఒకదానికి ముప్పై,
ఒకదానికి ఐదు నిమిషాలు.
ఇంకోదాన్ని రేకులో చుట్టి చీకట్లో ఉంచుతాను, సాక్షికని.

రెండు రోజులకి లెక్క:
పది సెకన్లది ఎప్పట్లానే ఉంది.
ముప్పైది గీతకి అటూ ఇటూ చేతులు చాచి
దాదాపు కలిసిపోయింది.
ఐదు నిమిషాలది
ముడుచుకుపోయి, గీసిన గీత గీసినట్టే.
మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

ఇంత తెలిసీ
అమ్మ చీలమండ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.
మిరప మిల్లులో ముప్పైయేళ్లు నిలబడ్డ కాలు,
రెండు చలికాలాలుగా మానని పుండు.
కాగితం మీద ముప్పై అని ఉంది.
నేను ఐదు నిమిషాలు పట్టాను,
కూతుర్ని కదా.

వారమైనా అంచు కదల్లేదు.
చెప్పేశాను అమ్మకి, తల దించుకుని.
ఆమె తిట్టలేదు. కట్టు తనే చుట్టుకుంటూ అంది:
"మీ మామయ్య బెర్తాలన్ శిబిరం నుంచి తిరిగొచ్చినప్పుడు
మా అమ్మ కోడిని కోసి కడుపునిండా పెట్టింది.
తెల్లారేసరికి పోయాడు.
చెంచా చెంచా గంజి పోయాల్సిందని
ఆ తర్వాత ఎవరో చెప్పారు."

ఫిబ్రవరిలో మళ్లీ మొదలుపెట్టాం.
పారదర్శక కాగితం మీద పుండు గీసుకుంటాను ప్రతి సోమవారం.
ఈ సోమవారం గీత పోయిన సోమవారం గీతకి లోపల పడింది,
వెంట్రుకవాసి.
వెలుగువల్లనో, మార్చిన కట్టువల్లనో,
రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చున్నందుకో.
అమ్మకి రెండో కాలు ఉంది, రెండో పుండు లేదు,
రేకులో చుట్టి పోల్చి చూడ్డానికి.

ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది.
చెయ్యి ఇంకాసేపు ఉంటానంటుంది.
తీసేస్తాను.
"అయిపోయిందా?" అంటుంది అమ్మ.
"అయిపోయింది."
"ఏమీ తెలియనే లేదు."