గొట్టానికి చెవి ఆనించి

జింకు తవ్విన గనిలో ఇప్పుడు నీళ్లకి కాపలా కాస్తున్నాం.
హిదా కొండ కింద, వెయ్యి మీటర్ల లోతున,
మేడంత తొట్టి. గోడల నిండా
బంగారు రంగు గాజు బుడ్లు, రెప్పల్లేని కళ్లు.
ఏళ్లకోసారి మూత తెరిస్తే
రబ్బరు పడవలో తిరిగి చెడిన బుడ్లు మారుస్తాను.
అరవై తొమ్మిదేళ్లు నాకు. పడవ నడపడం కొండ లోపలే నేర్చుకున్నాను.

రాత్రి షిఫ్టులో చిజూరు అనే పిల్ల చెబుతుంది:
సూర్యుడి నట్టనడుమ పుట్టిన వెలుగు
పైకి రావడానికి లక్ష ఏళ్లు పడుతుందట,
గుద్దుకుంటూ, వెనక్కి తిరుగుతూ,
తాగి ఇల్లు వెతుక్కునే మా పాత మేస్త్రీలా.
న్యూట్రినోకి ఆ తిప్పలు లేవు.
రెండు సెకన్లలో బయటపడి
కొండనీ నన్నూ నా అన్నం డబ్బానీ దాటిపోతుంది.
ఎప్పుడో ఒకటి నీళ్లకి తగిలి
ఇంత నీలి మెరుపు రాలుస్తుంది.

నాకు అర్థమైంది గని భాషలో చెబుతాను.
నక్షత్రమంటే పైకప్పు బరువు.
లోపలి మంట దానికి పెట్టిన దుంగ.
హైడ్రోజన్ అయిపోతే హీలియం,
అదీ అయిపోతే కార్బన్, ఆక్సిజన్, సిలికాన్.
ప్రతి దుంగా ముందుదానికన్నా త్వరగా నలుగుతుంది.
సిలికాన్ ఒక్క రోజు ఆగితే గొప్ప.
చివరికి ఇనుము.
ఎంత నొక్కినా ఇనుము వేడినివ్వదు.
బతుకంతా ఇనుప దుంగల్నే నమ్మినవాణ్ణి నేను.
అక్కడ మాత్రం ఇనుము వచ్చిందంటే కప్పు కూలినట్టే,
సెకను కూడా పట్టదు.

కూలాక? అని అడిగాను.
న్యూట్రినోలు వరదలా వస్తాయి, పది సెకన్లో ఏమో,
తర్వాత మెల్లగా సన్నగిల్లుతాయి, అంది.
కొన్ని నక్షత్రాలకి సన్నగిల్లవట. టక్కున ఆగిపోతాయట.
అంటే అక్కడ కృష్ణబిలం నోరు మూసుకుందని.
అలాంటిది ఇంతవరకూ ఎవరూ వినలేదండీ, అంది.

నేను విన్నాను.
ఆ చలికాలం ఏడో సొరంగం కూలినప్పుడు
గాలి గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నాం.
అవతల కిన్‌సాకు తడుతున్నాడు:
మూడు. ఆగి, మూడు.
మేమూ మూడు.
అలిసిపోయే చెయ్యి ఎలా తడుతుందో నాకు తెలుసు,
దెబ్బకీ దెబ్బకీ ఎడం పెరుగుతుంది.
ఇది అలా కాదు.
మూడు. ఆగి, రెండు.

చిజూరు గడియారం సెకనుని కోటి ముక్కలు చేస్తుంది.
మా దగ్గర ఆ వేళ గడియారమే లేదు.
చేతిలో టీ ఇంకా కాలుతోంది, అంతే గుర్తు.

నిన్న షిఫ్టు దిగేటప్పుడు
తొట్టి ఇనుప మూత పక్కన కాసేపు నిలబడ్డాను.
ఒక దెబ్బ బాకీ ఉంది కదా అని వేలు ఎత్తాను.
చప్పుడు చేస్తే ఆ పిల్ల తిడుతుంది.
దించేశాను.