మూడో బ్యాటరీ

కరెంటు పోయి రెండు రోజులు.
చిలోయే దీవిలో జూలై అంటే ఇంతే,
వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది.

తలుపు తట్టింది మా అన్న బెలార్మీనో.
పదకొండేళ్ల తర్వాత.
టోపీ తియ్యలేదు.
ఒక జేబులోంచి కొత్త బ్యాటరీలు మూడు,
ఇంకో జేబులోంచి పాత టార్చి
తీసి బల్లమీద పెట్టాడు.
"రావడం లేదు," అన్నాడు.

ఎవరు, అని అందామనుకున్నాను.
పొయ్యిలో ఇంకో కట్టె తోశాను.

గడియారాలు, కుట్టు మిషన్లు బాగుచేసే చేతులు నావి.
పనిలేకపోతే వాటికే తోచదు.
వెనక మూత తిప్పితే కిర్రుమని,
చిలుము.
తెల్లగా పొంగి, అంచుల్లో పచ్చబారి,
కడగని గిన్నెలో ఎండిన పెరుగులా.

"కళ్ళజోడు పెట్టుకో, చిందుతుంది."
నా పని కళ్ళజోడు పెట్టుకున్నాడు, టోపీ మీంచే.
ఏడుపదుల వయసులో కప్పలా కనిపించాడు.
నేను చెప్పలేదు.

వెనిగర్ నాలుగు చుక్కలు.
బుసబుసమని నురగ.
మొదటిది గడపకేసి కొడితే ఊడిపడింది.
రెండోదానికి వేడినీళ్ళ గుడ్డ చుట్టి
ఒక కప్పు మాతే తాగేంతసేపు ఆగాం,
ఒకే కప్పు, ఒకే గొట్టం,
తను తాగి నా వైపు జరిపాడు, నేను తాగి తన వైపు.
అదీ వచ్చింది, ఒళ్ళంతా ఉబ్బి.

మూడోది రానంది.

దాని నడినెత్తిన పొడుగాటి స్క్రూ దించి
పట్టకారుతో బిగించి పట్టుకున్నాను.
"గొట్టం పట్టుకుని లాగు."
ఒకదాన్ని చెరోవైపు లాగడం
మా ఇద్దరికీ కొత్త కాదు.
అమ్మ పడవని అలాగే లాగాం,
చివరికి అది కాస్త్రోలో ఒక దర్జీకి పోయింది,
వాడికి ఈత కూడా రాదు.

లాగాడు. లాగాను.
బూటు బల్లకోడుకి తన్నిపెట్టి మళ్ళీ లాగాడు.
ఫట్!
వాడు ఆలుగడ్డల బస్తాల్లో,
నేను కట్టెల మోపు మీద,
పట్టకారు చివర పీకిన పన్నులా బ్యాటరీ.
కుక్క దాన్ని చూసి మొరిగింది.
మేం నవ్వలేదు. నవ్వబోయాం, అంతే.

లోపల గరుకు కాగితంతో తోముతుంటే చూశాను,
స్విచ్ ముందుకే ఉంది.
"ఆర్పకుండా పెట్టావా?"

చాలాసేపు గొట్టంలోకే చూశాడు.
"పడవ పోయిన వారానికి
ఇక్కడిదాకా వచ్చాను, ఒక రాత్రి.
దీపం లేదు మీ ఇంట్లో.
తిరిగి పోయి దీన్ని సొరుగులో పడేశాను."

"వెలుగుతూనే?"

"తెల్లారి తీస్తే
చెంచాల మధ్య ఇంకా ఎర్రగా ఉంది, కొంచెం."

"అప్పుడైనా ఆర్పాల్సింది. బ్యాటరీలు కారతాయి."

"తెలుసు."

ఆ రాత్రి నేను మేలుకునే ఉన్నాను.
మెట్లమీద వెలుతురు కదిలింది, ఆగింది, పోయింది.
పీతలు ఏరుకునేవాళ్ళు అనుకున్నాను.
అనుకున్నానా?
స్ప్రింగ్ మీద ఇంకాస్త చిలుము ఉంటే
గోటితో గీకాను.

కొత్తవి వేశాడు. వెలగలేదు.
"మధ్యది తలకిందులు పెట్టావు."
"ఎప్పుడూ నీకే తెలుసు," అంటూ తిప్పి పెట్టాడు.

వెలిగింది.
గోడమీద నా గడియారాలన్నీ
తలా ఒక సమయం చెబుతూ కనిపించాయి.
నా మొహం మీద వెయ్యలేదు,
నేల చూపిస్తూ వెళ్ళిపోయాడు.

రేవు వైపు ఏటవాలులో ఆ వెలుతురు
తడబడుతూ దిగడం కిటికీలోంచి చూశాను.
చర్చి మలుపు దగ్గర ఆరింది.
ఆర్పాడో, స్ప్రింగ్ జారిందో.

పాతవి మూడూ డబ్బాలో వేసి
బల్ల తుడిచి
కళ్ళజోడు కోసం వెతికాను.

పెట్టుకునే పోయాడు.